అరెస్టు వెనక పది నెలలు

‘ఉగ్రవాద కుట్ర భగ్నం’ అని వార్త రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకరు ఉరి తీయాలంటారు, ఇంకొకరు అంతా పోలీసుల నాటకమంటారు. కేసు కాగితాలు మాత్రం ఎవరూ తెరవరు. నాకు బాధ కలిగించేది అదే. అలాంటి కేసు మెట్టు మెట్టుగా ఎలా తయారవుతుందో తెలిస్తే, ఏ మెట్టు దగ్గర నిలదీయాలో తెలుస్తుంది. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన జార్జియాలోని కమ్మింగ్‌లోనే అలాంటి కేసు ఒకటి ఉంది.

మొదట ఎవరో ఉప్పందించాలి. 2018 మార్చిలో స్థానికుడొకరు పోలీసులను కలిసి, హషర్ జలాల్ తాహెబ్ అనే యువకుడు తీవ్రవాద భావాల్లోకి వెళ్లాడని, విదేశాలకు వెళ్లే ఆలోచనలో ఉన్నాడని చెప్పారు. ఆ సంగతి ఎఫ్‌బీఐకి చేరింది.

తర్వాత మెట్టు ఇన్ఫార్మర్. ఆగస్టులో తాహెబ్ కారు అమ్మకానికి పెట్టాడు. కొంటానంటూ వచ్చినవాడు ఎఫ్‌బీఐ మనిషి. పాస్‌పోర్టు లేక విదేశీ ప్రయాణం కుదరదని తేలాక మాటలు అమెరికాలోనే దాడి చేయడం వైపు తిరిగాయి. ఇన్ఫార్మర్ ద్వారా మారువేషంలోని ఏజెంటు పరిచయమయ్యాడు. ఈ మలుపు దగ్గరే ఆగి చదవాలి. దాడి మాట ముందు ఎవరి నోట వచ్చింది? వెనక్కి తగ్గే అవకాశం ఇచ్చారా? ఎఫ్‌బీఐ అఫిడవిట్ ప్రకారం, దాడికి అనుకున్న వైట్‌హౌస్ వెస్ట్ వింగ్ కింది అంతస్తు బొమ్మ తాహెబే చేత్తో గీశాడు. తానెప్పుడూ తుపాకీ పేల్చలేదని, తేలిగ్గానే నేర్చుకోవచ్చని చెప్పింది కూడా అతనే. ఒకటి ఉద్దేశాన్ని చూపిస్తుంది, రెండోది చేతకానితనాన్ని. రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి.

2019 జనవరి 16న బ్యూఫర్డ్‌లో కార్లు ఇచ్చి ఆయుధాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు పట్టుకున్నారు. రైఫిళ్లు, పేలుడు పదార్థాలు, ట్యాంకులను ఛేదించే ఏటీ-4 రాకెట్: అన్నీ ఎఫ్‌బీఐ ముందే పనికిరాకుండా చేసినవి. ఆయుధాలు ఉత్తివి కాబట్టి కేసూ ఉత్తిదేనన్న వాదన నిలవదు. నిజమైనవి అనుకుని తీసుకోవడానికి రావడమే ప్రయత్నం కిందకి వస్తుంది. అప్పట్లో ప్రభుత్వ షట్‌డౌన్ నడుస్తోంది కాబట్టి దృష్టి మళ్లించడానికే ఇదంతా అని ఎవరికైనా తోచవచ్చు. ఉప్పందిన తేదీ అరెస్టుకు పది నెలల ముందుది. తేదీలు చూస్తే ఇలాంటి అనుమానాలు చాలా వరకు తీరిపోతాయి.

మనవాళ్ల అనుమానానికి చరిత్ర లేకపోలేదు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు, చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి, వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత వేరేవాళ్లపై నడిచిన కేసును కూడా 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ కోర్టు కొట్టేసింది. అది చూసినవాళ్లు పోలీసు ప్రెస్‌మీట్‌ను ఊరికే నమ్మమంటే నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

ఇక కోర్టు. పోలీసులే నేరానికి పురికొల్పారని నిందితుడు వాదిస్తే, అతనికి ముందునుంచే ఆ ఉద్దేశం ఉందని ప్రభుత్వం సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలని 1992లో జాకబ్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. తాహెబ్ కేసు జ్యూరీ దాకా వెళ్లలేదు. అతను నేరం ఒప్పుకున్నాడు. 2020లో 15 ఏళ్ల శిక్ష పడింది. అందువల్ల ఇన్ఫార్మర్‌ను బోనులో నిలబెట్టి ప్రశ్నించే అవకాశం రాలేదు. ఈ కేసులో నాకు మిగిలిన అసంతృప్తి అది. నేరం లేదని కాదు, పరీక్ష జరగలేదని.

కాగితాలు ఎవరైనా చదవచ్చు. ఫెడరల్ కోర్టుల పేసర్ వెబ్‌సైటులో పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అదీ వసూలు చేయరు. ముందు ఫిర్యాదుకు జతచేసిన అఫిడవిట్ చదవండి.

శిక్ష పడ్డాక కూడా ఫైలును వదిలేయకూడదు. న్యూయార్క్‌లో 2009లో అరెస్టయిన నలుగురు ‘న్యూబర్గ్’ నిందితులకు ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్ పెద్ద మొత్తం ఆశ చూపాడు. 25 ఏళ్ల చొప్పున శిక్ష వేసిన జడ్జి కొలీన్ మెక్‌మాన్, ఆ కుట్రను ఎఫ్‌బీఐ కల్పించిందని రాస్తూ 2023 జులైలో ముగ్గురి విడుదలకు ఆదేశించారు. నాలుగో వ్యక్తి విషయంలో 2024 జనవరిలో అలాంటి ఆదేశమే ఇచ్చారు.