చేతిలోని ఫోను – ఇంటిలోని భయం

దీపాలు పెట్టే వేళకు బిడ్డ ఇల్లు చేరకపోతే తల్లి గుమ్మంలో నిలబడి ఎదురుచూడడం మనం ఎరిగినదే. ఆ బిడ్డ ఎవరితో తిరుగుతున్నదీ, ఎవరి ఇంటికి పోతున్నదీ వాడలోని పెద్దలందరికీ తెలిసేది. నేడు ఆ వీధియే ఇంటిలోనికి వచ్చినది. బిడ్డ తల్లి ప్రక్కనే కూర్చుండి, తల్లి ఎన్నడూ చూడని మనిషితో మాట్లాడగలదు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడి, పాఠాలు ఫోనులో వినవలసి వచ్చినప్పుడు, అంతవరకు స్మార్ట్ ఫోను లేని అనేక ఇళ్లలోనికి అది ప్రవేశించినది. అప్పు చేసి కొనిచ్చిన తండ్రులు మన ఊళ్లలో ఎందరో కలరు. ఫోను కొనిచ్చినాము గాని, దానిని క్షేమంగా వాడుకొను విధం పిల్లలకు నేర్పలేదు. నేర్పడానికి మనకే తెలియదు.

మోసం నడిచే తీరు

ఈ మోసం సాధారణంగా మంచి మాటతోనే మొదలవుతుంది. ఆన్‌లైన్ ఆటలోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒక అపరిచితుడు తానును అదే వయస్సు వాడనని చెప్పుకొంటాడు. పొగడుతాడు, ఇంటివారిపై బిడ్డకు గల చిన్న చిన్న అలుకలను ఓపికతో వింటాడు. పిమ్మట సంభాషణను నలుగురు చూడని చోటికి మళ్లిస్తాడు. "ఈ సంగతి మన ఇద్దరిలోనే ఉండాలి" అంటాడు. ఆపై ఫొటో అడుగుతాడు. అది చేతికి చిక్కిన మరుక్షణం స్నేహం బెదిరింపుగా మారుతుంది. నేడు ఫొటో అడుగవలసిన పని కూడ లేదు. ప్రొఫైల్‌లో పెట్టుకున్న మామూలు చిత్రాన్నే కృత్రిమ మేధతో అసభ్యంగా మార్చగల సాధనాలు వచ్చినవి. కావున "మా పిల్ల అటువంటిది కాదు" అను ధీమా ఏ ఇంటికీ రక్షణ కాజాలదు. మగపిల్లలును ఈ వలలో పడుచున్నారన్న మాట మరువరాదు.

భయమే పెట్టుబడి

కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుచున్న ఒక విద్యార్థిని ఉన్నట్లుండి రావడం మానినది. ఎవరో ఆమె ఫొటోను మార్చి, సొమ్ము పంపకపోతే బంధువులందరికీ చేరవేస్తానని బెదిరించినాడట. ఉపకార వేతనంలో దాచుకున్న డబ్బును ఆమె రెండు పర్యాయాలు పంపినది. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చివరకు అక్కకు చెప్పినది. ఇంట్లో ఫోను లాగుకున్నారు; దానితో పాటు చదువును మాన్పించినారు. బెదిరించినవాడు ఎవరో నేటికీ తెలియదు. శిక్ష మాత్రం ఆమెకే పడినది.

ఆమె మాతో ఒక్క మాట చెప్పి ఉండరాదా అని మేము చాల దినాలు బాధపడినాము. కాని మేమైనను అంతవరకు ఆ ప్రస్తావన తరగతిలో ఎన్నడు తెచ్చినాము? బెదిరించువాని వద్ద ఉన్న ఆయుధం ఆ ఫొటో కాదు. "అబ్బాకు తెలిస్తే ఏమవుతుందో" అను బిడ్డ భయమే. ఆ భయాన్ని వానికి సమకూర్చి పెట్టినది మనమే. "ఏమి జరిగినా ముందు మాకు చెప్పు, నీ చదువు ఆపము" అని తల్లిదండ్రులు ముందుగానే చెప్పిన ఇంట్లో వాని బెదిరింపునకు బలముండదు.

చట్టం ఇచ్చిన అండ

ఫిర్యాదు చేస్తే ఇంటి ఇజ్జత్ పోతుందని వెనుదీయువారు ఎందరో. అట్టివారు 2012 నాటి పోక్సో చట్టాన్ని గూర్చి తెలుసుకొనవలెను. 18 ఏండ్లు నిండని బాలబాలికలు ఉభయులకు అది వర్తిస్తుంది. బాధిత బాలల పేరు, చిరునామా, ఫొటో పత్రికలలో వెల్లడించరాదు. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటివద్ద గాని, బిడ్డ కోరిన చోట గాని, సాధ్యమైనంతవరకు మహిళా అధికారి, పోలీసు దుస్తులు లేకుండ నమోదు చేయవలెను. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు.

డబ్బు పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును మధ్యలో నిలుపు అవకాశం అంత ఎక్కువ. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లో బాలల అసభ్య చిత్రాలను గూర్చి పేరు చెప్పకుండనే తెలుపవచ్చును.

ఇంట్లో పాటించవలసినవి

బెదిరింపు వచ్చినప్పుడు డబ్బు పంపరాదు. ఒకసారి పంపితే మరల అడుగుతారు. కోపంతో సందేశాలను చెరిపివేయరాదు. బెదిరింపు మాటలు, నంబరు, ఖాతా పేరు, తేదీ కనబడునట్లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచి, తరువాతనే వానిని బ్లాక్ చేయవలెను. బిడ్డ అసభ్య చిత్రాన్ని "సాక్ష్యం" పేరిట బంధువులకు పంపడం తగదు. బాలల అట్టి చిత్రాలను పంచడం సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ క్రింద నేరం.

ముందు జాగ్రత్తలు కొన్ని కలవు. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగులలో ప్రొఫైల్ ఫొటో పరిచయస్తులకే కనబడునట్లు, అపరిచితులు గ్రూపులలో చేర్చకుండునట్లు మార్చుకొనవచ్చును. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ నియమాల ప్రకారమే 13 ఏండ్ల లోపు పిల్లలకు ఖాతా ఉండరాదు. చిన్నపిల్లల ఫోను రాత్రివేళ పెద్దల గదిలో ఉండుట మేలు. అయితే చాటుగా ఫోను వెదకుట కంటె, రోజుకు పది నిమిషాలు ప్రక్కన కూర్చుండి "ఈ ఆట ఎట్లా ఆడతారు?" అని అడుగుట ఎక్కువ ఫలమిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీ తల్లిదండ్రులలో అనేకులకు ఫోను భాష తెలియదు. మీకు తెలుసు. మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదటి రక్షణ మీరే. వారు ఏదైన చెప్పుకొన వచ్చిననాడు ముందు వినండి, మందలింపు తరువాత.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. ఏడాదికి ఒక సాయంకాలం తల్లిదండ్రులను పిలిచి, ఉర్దూలోను తెలుగులోను ఈ సంగతులు చెప్పించవలెను. విద్యార్థినులు భయం లేక చెప్పుకొనుటకు ఒక అధ్యాపకురాలిని నియమించవలెను. దానికి ఖర్చు స్వల్పం. ఆ ఏర్పాటు ముందే ఉండి ఉంటే, మా తరగతిలో ఆనాడు ఒక బెంచీ ఖాళీ అయ్యేది కాదు.