ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

"మా ఇంట్లో మెయిను బోర్డులో ఫ్యూజు ఉంది. షాకు కొడితే అది కాలిపోతుంది, మనకేమీ కాదు." ఇలా అనుకునేవారు మీలో ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉంటారు. పెద్దవాళ్లలోనూ ఉన్నారు. ఈ మాట నిజమో కాదో ఒక చిన్న లెక్క వేసి తేల్చుకుందాం. ఓమ్ నియమం వస్తే చాలు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడి చేతులతో, వట్టి కాళ్లతో నేలమీద నిలబడిన వ్యక్తి శరీర నిరోధం సుమారు 1000 ఓములు అనుకోండి. చర్మం బాగా పొడిగా ఉంటే నిరోధం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది కాని, ప్రమాదాలు మనం తుడుచుకునేదాకా ఆగవు గదా! ఆ వ్యక్తి ఫేజు తీగను తాకితే ఒంట్లోంచి ప్రవహించే విద్యుత్తు ఎంత? 230ని 1000తో భాగించండి. 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు.

ఇప్పుడు ఫ్యూజు సంగతి చూడండి. లైట్లకు వేసే చిన్న ఫ్యూజు కూడా 5 ఆంపియర్లది. 60 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి వెలిగితే 0.26 ఆంపియరు ప్రవహిస్తుంది. షాకు తగిలిన మనిషి ఫ్యూజు లెక్కలో ఒక బల్బుపాటి కూడా కాడన్నమాట! అది కరగదు. ఫ్యూజును పెట్టింది తీగ వేడెక్కి ఇల్లు అంటుకోకుండా కాపాడటానికి. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఎమ్.సి.బి. చేసేదీ ఆ పనే.

మరి మన శరీరం ఎంత తట్టుకోగలదు? అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్ 1940ల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారిమీద జాగ్రత్తగా ప్రయోగాలు చేశాడు. పట్టుకున్న తీగను తమంతట తాము వదిలించుకోగల గరిష్ఠ ప్రవాహం పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి తీగను వదలదు. ఇంకా పెరిగితే ఊపిరాడదు, గుండె లయ తప్పుతుంది. చిన్నపిల్లల హద్దు పెద్దవాళ్లకంటే తక్కువే.

మీకైతే "ప్రమాదం" అన్న బోర్డు చదవడం వచ్చు. పుర్రె బొమ్మ చూస్తే దూరంగా జరుగుతారు. కాని పాకే పాపాయికి ఆ బొమ్మతో ఏం పని? చూపు లేని పిల్లలకు వేళ్లే కళ్లు. గోడను తడుముకుంటూనే వాళ్లు వరండా దాటాలి, గది తెలుసుకోవాలి. మానసిక ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లవాడికి ఇవాళ చెప్పిన జాగ్రత్త రేపటికి గుర్తుండకపోవచ్చు. ఇటువంటి పిల్లలుండే ఇళ్లలో, వసతి గృహాల్లో "ముట్టుకోవద్దు" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ముట్టుకున్నా ప్రాణం పోకుండా గోడలోని వైరింగే చూసుకోవాలి.

అందుకు మొదటి ఏర్పాటు ఎర్తింగు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో గమనించారా? అన్నిటికంటే ముందు తగలాలి, అన్నిటికంటే చివర ఊడాలి. ఇస్త్రీపెట్టె లోపల ఫేజు తీగ ఊడి పైరేకుకు తగిలితే, విద్యుత్తు ఆ పిన్నుగుండా భూమిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ను కూడా భూమికి కలుపుతారు కాబట్టి వలయం పూర్తయి, పెద్ద ప్రవాహం వచ్చి ఫ్యూజు ఎగిరిపోతుంది.

పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. ఎర్తు గుంత ఎండిపోయి దాని నిరోధం 20 ఓములైతే? 230ని 20తో భాగించండి. మహా అయితే 11.5 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి చలించదు. ఇస్త్రీపెట్టె రేకు మాత్రం కరెంటుతో అలాగే ఉంటుంది. మా తరగతిలో ఈ లెక్క చేయించిన ప్రతిసారీ పిల్లలు జవాబు తప్పొచ్చిందేమోనని మళ్లీ వేసి చూసుకుంటారు!

ఈ లోటు తీర్చేది ఆర్.సి.సి.బి. దీని కిటుకు చాలా అందమైనది. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒకే ఇనుప వలయం గుండా పోతాయి. వెళ్లిన విద్యుత్తంతా తిరిగి వస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందులో కొంచెం మనిషి ఒంట్లోంచి భూమిలోకి జారిపోయిందనుకోండి, లెక్క కుదరదు. ఆ తేడా వలయం మీద చుట్టిన మూడో తీగచుట్టలో విద్యుత్తు పుట్టిస్తుంది, స్విచ్చి పడిపోతుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వాడాలి. మనం లెక్కగట్టిన 230 మిల్లీ ఆంపియర్ల షాకుకు అది సెకనులో 25వ వంతులోపే పడిపోతుంది. గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టే కాలం సుమారు 0.8 సెకను. షాకు తెలియకపోదు, జిల్లుమంటుంది. కాని ఎక్కువసేపు ఉండదు.

దీనికీ ఒక గుడ్డి కోణం ఉంది. ఒక పిల్లవాడు చెక్కబల్లమీద కూర్చుని సాకెట్టులోని రెండు రంధ్రాల్లో రెండు మేకులు గుచ్చితే, వెళ్లిన విద్యుత్తంతా తిరిగి న్యూట్రల్‌లోకే వస్తుంది. ఆర్.సి.సి.బి. కంటికి ఆ పిల్లవాడూ బల్బే! అందుకే లోపల మూతలున్న సాకెట్లు బిగించాలి. పొడుగు పిన్ను లోపలికి పోతేనే కింది రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. ప్లగ్గు లేకుండా ఒట్టి తీగలు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. పిల్లలున్నచోట అది క్షమించరాని పని. బకెట్లో నీళ్లు కాచే కడ్డీ, కరెంటు తీగ పక్కనుంచి కట్టిన బట్టలారేసే ఇనుప తీగ కూడా అలాంటివే.

మీ హాస్టల్లో ఆర్.సి.సి.బి. ఉందేమో వార్డెనుగారిని అడిగి చూడండి. దానిమీద టి అనే అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి పెద్దవాళ్లచేత దాన్ని నొక్కించండి. వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే దాన్ని మార్చాలి. బోర్డు విప్పే పని మాత్రం మీది కాదు, ఎలక్ట్రీషియనుది. ఆ మీట ఎర్తింగు బాగుందో లేదో చెప్పదు. దాని నిరోధం కొలవడానికి వేరే మీటరు ఉంది, అదీ ఆయన దగ్గరే ఉంటుంది. ఈలోగా వేసవిలో ఎర్తు గుంతలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయడం మీరు చేయగల పని.