వైరు కోయకుండా కారు సెట్టు మార్చే పనితనం

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున మా బావమరిది కారులో తిరుమల రెండో ఘాట్ ఎక్కుతున్నాం. మంచు కమ్మేసింది. ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. డీఫాగర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వారం కిందటే కంపెనీ స్టీరియో తీయించి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించాడు. పాట చక్కగా వస్తోంది కానీ గాలి అద్దం మీదికి రావడం లేదు. కిటికీలు దించుకుని, తువ్వాలుతో అద్దం తుడుచుకుంటూ ఎలాగో పైకి చేరాం. ఆ స్క్రీన్ బిగించిన కుర్రాడు కష్టజీవే. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న వైర్లలో ఏది ఏమిటో అతనికి నేర్పినవాళ్లు లేరు. పదో తరగతి, ఇంటర్ పాసై తిరుపతి, చిత్తూరుల్లో చేతిపని వెతుక్కునే పిల్లలు నేర్చుకోదగ్గ విద్య సరిగ్గా అదే.

పాత కార్లలో ఏసీ నాబు తిప్పితే లోపల కేబులు లాగి గాలి తలుపును జరిపేది. స్టీరియో దారి స్టీరియోది. ఇప్పటికీ చాలా మోడళ్ల కింది వేరియంట్లలో ఏసీ ప్యానెల్ విడిగానే ఉంటుంది. అక్కడ సెట్టు మార్చడం తేలిక. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో గాలి తలుపులను చిన్న మోటార్లు తిప్పుతాయి. వాటిని నడిపే ఏసీ కంప్యూటరుకు ఆజ్ఞలు చాలా కార్లలో మెలివేసిన రెండు వైర్ల మీద సందేశాలుగా వెళ్తాయి. దీన్నే క్యాన్ బస్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని ప్రపంచానికి చూపింది. కొన్ని మోడళ్లలో ఏసీ సెట్టింగులు కంపెనీ స్క్రీన్ మీదుగానే నడుస్తాయి. ఆ స్క్రీన్ తీసేస్తే ఆజ్ఞ మోసే మనిషి లేనట్టే. అలాంటి కారుకు ఆ మోడల్‌కే సరిపోయే క్యాన్ సందేశాలు చదివే డీకోడర్, వైర్లు కలిపే కప్లర్, ఫ్రేము ఉండాలి. అవి దొరకకపోతే "అన్నా, దీన్ని తీయొద్దు, ఉన్న స్క్రీన్‌కే కెమెరా కలిపిస్తా" అని చెప్పగలగాలి. బేరం పోతుందని భయపడకండి. ఆ మాట చెప్పినవాడి దగ్గరికే మనిషి మళ్లీ వస్తాడు.

పని మొదలుపెట్టే ముందు ఓనరును పక్కన నిలబెట్టుకుని బ్లోయర్ అన్ని స్పీడులూ, చల్లగాలి, వేడిగాలి, డీఫాగర్, రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు, హజార్డ్ లైటు చూడాలి. అంతా ఫోన్లో వీడియో తీసుకోవాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి పోకూడదు. బయట కొన్న సెట్లలో సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. కంపెనీ వైరింగ్‌లో మాత్రం ఈ రంగుల్ని నమ్మకూడదు. మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి వైరింగ్ డయాగ్రామ్ చూసి, మల్టీమీటర్‌తో తేల్చుకోవాలి. క్యాన్ వైర్లకు టెస్టు లైటు తగిలించడం ప్రమాదం. అది లాగే కరెంటుకు కంప్యూటరు దెబ్బతినవచ్చు. బ్యాటరీ విప్పి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే మామూలుగా 60 ఓమ్స్ దగ్గర చూపాలి. రెండు చివర్లా ఉండే 120 ఓమ్స్ రెసిస్టర్లు కలిస్తే వచ్చే లెక్క అది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సమాంతర సంధానమే! పుస్తకంలో విసుగనిపించిన పాఠం ఇక్కడ అన్నం పెడుతుంది.

తాళంతో వచ్చే కరెంటుకు ఇవ్వాల్సిన ఎర్ర వైరును ఎప్పుడూ ఉండే కరెంటుకు కలిపితే సెట్టు రాత్రంతా మేలుకునే ఉంటుంది, కొన్నాళ్లకే బ్యాటరీ పడుకుంటుంది. వారంటీలో ఉన్న కారులో వైరు కోసి టేపు చుడితే, ఆ తర్వాత వచ్చే ఎలక్ట్రికల్ లోపాలకు కంపెనీ వారంటీ నిరాకరించే వీలుంది. కోయకుండా కప్లర్‌కు కప్లర్ కలిపే పనివాడికి విలువ అందుకే.

ఇక చదువు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ ఈ పనికి అన్నిటికన్నా దగ్గరిది. మీ దగ్గరి ఐటీఐలో అది లేకపోతే రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ గానీ, మోటార్ వెహికల్ మెకానిక్ గానీ తీసుకోండి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఏ దారైనా, ఆరు నెలలో ఏడాదో అప్రెంటిస్‌గా సర్వీస్ సెంటర్లో గడపమని గట్టిగా చెబుతాను. కారు కంప్యూటరులోని లోపాలు చదివే స్కానర్ చేతికి దొరికేది అక్కడే. యాక్సెసరీస్ షాపులో నేరుగా చేరితే ఫిట్టింగ్ వేగం వస్తుంది గానీ, కారు ఎందుకు మొరాయిస్తోందో వెతికే అలవాటు అబ్బడం కష్టం.

మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. కొండకు వచ్చే కార్లలో చెన్నై, బెంగళూరు, వేలూరు బండ్లు ఎన్నో. చిత్తూరు పిల్లల్లో చాలామందికి తమిళం ఎలాగూ వచ్చు, పలమనేరు వైపు చాలామందికి కన్నడం తెలుసు. దారిలో ఆగిన బండివాడితో అతని భాషలో లోపం కనుక్కోగలిగితే సగం పని అయినట్టే. షాపు పెట్టే స్తోమత లేనివాళ్లకు ఫ్యాక్టరీ దారీ ఉంది. శ్రీసిటీలో ఇసుజు 2016లో, పెనుకొండ దగ్గర కియా 2019లో వాహనాల తయారీ మొదలుపెట్టాయి. వైరింగ్ చదవగలిగినవాడు అలాంటి చోట్ల ఇంటర్వ్యూలో ధైర్యంగా మాట్లాడగలడు. ఎలక్ట్రిక్ కార్లలోనూ సందేశాలు మోసేది ఎక్కువగా ఈ క్యాన్ వైర్లే. అయితే వాటి నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లను విడిగా శిక్షణ తీసుకోకుండా ముట్టుకోకూడదు.

సాధనకు కొత్త కారు అక్కర్లేదు. పాత కార్లు విప్పి అమ్మేచోట డ్యాష్‌బోర్డు వైరింగ్ ఒకటి కొని, ఒక మామూలు మల్టీమీటర్‌తో ఒక్కో పిన్ను ఏమిటో నోటుబుక్కులో రాసుకోండి. రేపు మీ చేత్తో మొదటి సెట్టు బిగించాక, తాళాలు ఓనరుకు ఇచ్చే ముందు పాట పెట్టకండి. డీఫాగర్ నొక్కి, ముందు అద్దం అడుగున అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూడండి. ఆ బండి రేపు తెల్లారి కొండ ఎక్కుతుందేమో.