నూడుల్స్ – కొరియా భోజనం
హైదరాబాదు–విజయవాడ రహదారిపైనున్న కేతేపల్లిలో పాతతరంవారు జొన్నగటుక తిని పొలానికి వెళ్లేవారు. నేటి పిల్లలకు రెండు నిమిషాల నూడుల్స్ ప్రీతి. ‘కొరియావారు నిత్యం తిన్నా ఆరోగ్యంగానే ఉన్నారు కదా!’ అని వారి వాదం. కాని అన్నం, చారు, ఆకుకూరలు, పులియబెట్టిన కిమ్చీ అక్కడి భోజనంలో ప్రధానం; నూడుల్స్ 1963లో వచ్చిన కొత్త చుట్టం. ఆ చుట్టంతో వారికీ చిక్కు లేకపోలేదు. 10,711 మంది కొరియా వయోజనుల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వారానికి రెండుసార్లు, అంతకు మించి నూడుల్స్ తినే స్త్రీలలో నడుము కొవ్వు, రక్తపోటు, రక్తంలో చక్కెర వంటివి కలిసి పెరిగే రుగ్మత అధికంగా కనిపించింది. నూడుల్సే కారణమని ఇది రుజువు చేయదు. ఉప్పు సంగతి మాత్రం నిశ్చయం. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొన్ని కొరియా నూడుల్స్ పొట్లాలలో ఒక్కటే ఆ హద్దును సమీపిస్తుంది. అందులోనూ అధికభాగం మసాలా పొట్లంలోనిదే.