ఆవేశం - అదుపు: సోషల్ వర్కర్ చేయగల సాయం

మానవుడు సంఘజీవి. అతని కోపతాపాలు నలుగురిలోనే పుడతాయి, నలుగురిలోనే చల్లారుతాయి. కష్టంలో ఉన్నవాడు కనిపిస్తే మనం "కోపం తగ్గించుకో బాబూ", "ఏడవకమ్మా" అంటాం. ఆ మాటల వల్ల ఒరిగేది తక్కువ. ఎందుకో చూద్దాం.

మా మాడుగుల, చోడవరం వైపు బెల్లం వండేటప్పుడు చెరకు రసం పొంగుకొస్తే పొయ్యి ఆర్పెయ్యరు. ఆర్పేస్తే ఇంక బెల్లం ఎక్కడిది? పిప్పి ఎగదొయ్యడం తగ్గించి, రసం కలియబెడతారు. ఆవేశం సంగతీ అంతే. దాన్ని చంపనక్కర్లేదు, సెగ సరిచూసుకోవడం నేర్చుకోవాలి.

కోపంలోనూ భయంలోనూ ఎడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగం, ఊపిరి వేగం హెచ్చుతాయి. అప్పుడు ఎంత మంచి సలహా చెప్పినా తలకెక్కదు. ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా విడిస్తే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. కాబట్టి ముందు శరీరం కుదుటపడాలి, తర్వాతే మాట.

ఫెలిక్స్ బీస్టెక్ అనే పండితుడు 1957లో సోషల్ వర్కర్లకు ఏడు సూత్రాలు చెప్పాడు. సాయం కోరి వచ్చినవారిని మనసులోది చెప్పుకోనివ్వాలనేది వాటిలో ఒకటి. వర్కర్ తన భావాలను తాను అదుపులో ఉంచుకోవాలనేది మరొకటి. ఆ తర్వాత 1998లో జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవేశాన్ని ఐదు చోట్ల మళ్లించవచ్చని వివరించాడు.

ఉదాహరణకు, పంట పోయిన ఒక కౌలు రైతును తీసుకుందాం. అప్పిచ్చినవాడు రేపు ఇంటికొస్తానన్నాడు. రైతు తాగి ఉన్నప్పుడు అతన్ని కలవకుండా ఉండటం మొదటిది. బావమరిదినో ఊరి పెద్దనో తోడు పెట్టుకోవడం రెండవది. పదిమందిలో పోయిన పరువునే తలచుకోకుండా, చేతిలో ఉన్న పనిమీదికి మనసు మళ్లించడం మూడవది. "నేను చేతకానివాణ్ణి" అనే తలపును "ఈ ఏడు పంట పోయింది" అని దిద్దుకోవడం నాలుగవది. అప్పటికీ కోపం పొంగితే ఊపిరి సరిచేసుకుని, కాసేపు అవతలికి నడిచి వెళ్లడం అయిదవది. వర్కర్ వీటిని ఉపన్యాసంగా చెప్పకూడదు. "మొన్న కోపం వచ్చినప్పుడు ఏం చేశావు? ఏది పనికొచ్చింది?" అని అడిగి, అతని నోటనే రాబట్టాలి.

ఇక్కడ ఒక ప్రాణావసరమైన సంగతి ఉంది. రైతుల ఇళ్లలో పురుగుమందు చేతికందేచోటే ఉంటుంది. చచ్చిపోవాలనే తలపు చాలామందిలో కొద్దిసేపట్లోనే తీవ్రమై, మళ్లీ తగ్గుతుంది. ఆ గడియ దాటితే మనిషి నిలుస్తాడు. అందుచేత మందు డబ్బా ఇంట్లోంచి తీయించి తాళంలో పెట్టించడం, మనిషిని ఒంటరిగా వదలకపోవడం కూడా ఈ సాయంలో భాగమే.

పశ్చిమ గోదావరి జిల్లాలో గత దశాబ్దంలో ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, పల్లెల్లో దిగులుతో బాధపడేవారిని గుర్తించి డాక్టర్ల దగ్గరకు చేర్చే ప్రయత్నం జరిగింది. పెద్ద డిగ్రీలు లేనివారు కూడా ఈ పనిలో తోడుండగలరని దానివల్ల తెలుస్తోంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అయితే ఓర్చుకోవడం నేర్పి, అన్యాయాన్ని కూడా ఓర్చుకోమనడం సేవ కాదు. కౌలు పత్రాలు, బ్యాంకు అప్పు, పంట బీమా పనుల్లో కూడా వర్కర్ వెంట నడవాలి. మనసు కుదుటపడిన మనిషే తన హక్కును గట్టిగా అడగగలడు. విద్యార్థి మిత్రులారా, సెలవులకు మన ఊళ్లు వెళ్లినప్పుడు సలహా చెప్పేముందు ఒక అరగంట వినడం అలవాటు చేసుకుందాం.