వ్యవసాయ పత్రాల నుండి పంటల పేర్ల వెలికితీత: పదపట్టిక పద్ధతి

రైతుల ప్రశ్నలు, క్షేత్ర సందర్శన నివేదికల నుండి పంటల, తెగుళ్ల పేర్లను కంప్యూటర్ ద్వారా వెలికితీయుటకు సులభమైన మార్గం పదపట్టిక. ముందుగా పేర్ల పట్టికను సిద్ధపరచి, పత్రంలోని పాఠాన్ని దానితో సరిపోల్చవలెను. వేల పేర్లనైనా పాఠాన్ని ఒక్కమారు చదువుతూనే వెదకగల పద్ధతిని అహో, కొరాసిక్ 1975లోనే ప్రచురించారు. కావున వేగం సమస్య కాదు. చిక్కంతా తెలుగు పదనిర్మాణంతోనే.

పట్టికలో 'వరి' ఉన్నదనుకొందాం. అక్షరాలను మాత్రమే పోల్చినచో 'జనవరి', 'చివరి', 'ఎవరికి' అన్నీ వరి పంటగానే లెక్కకు వచ్చును. (జనవరి నివేదికలన్నిటా దాళ్వా వరి కనిపించుటలో వింత లేదు!) ఇరువైపులా ఖాళీ ఉన్న పదాన్నే స్వీకరించినచో 'వరిలో', 'వరికి', 'వరిపైరు' జారిపోవును. కనుక పదారంభం కచ్చితంగా సరిపోవలెను. పదాంతంలో విభక్తి ప్రత్యయాలను, 'పైరు', 'చేను' వంటి మాటలను అనుమతించవలెను. చిరుధాన్యమైన 'వరిగ' వరిలో కలిసిపోకుండుటకు పొడవైన పేరుకే ప్రాధాన్యమివ్వవలెను. 'మినుము' సమాసంలో 'మినప' అగును గనుక రెండు రూపాలనూ చేర్చవలెను.

'ఎండకు ఆకులు కంది ముడుచుకున్నవి' అను వాక్యంలో కంది పంట లేదు. ఇది చిన్న పొరపాటు. 'అగ్గి తెగులు కనబడలేదు' అన్న నివేదికను తెగులు సోకినట్లు లెక్కించినచో, అవసరం లేని గ్రామానికి శిలీంద్రనాశిని సిఫారసు వెళ్లును. రైతుకు ఖర్చు మిగులును. నా దృష్టిలో ఇదే ప్రమాదకరం. పేరు దొరికిన వాక్యంలో వ్యతిరేకార్థక క్రియ ఉన్నదేమో పరిశీలించుట, కొన్ని పత్రాలనైనా సస్యశాస్త్రజ్ఞుడు స్వయంగా చదివి ఫలితాలను సరిచూచుట తప్పనిసరి.