పనికి ముందు ఊరు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు

కొత్త ఊళ్లో స్థిరపడడమంటే గది దొరకడం, మెస్సు కుదరడం అని సాధారణంగా మనం అనుకుంటాం. అవీ కావలసినవే, కాదనను. కాని విద్యార్థుల మధ్య క్రైస్తవ సేవ చేయదలచినవాడు వాటికన్న ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ ఊరి విద్యార్థి పొద్దున ఎక్కణ్ణుంచి వస్తున్నాడు? సాయంత్రం ఏ బండికి పోతున్నాడు? ఎం.ఎస్సీ. పూర్తిచేసి, ఏడాదిపాటు విద్యార్థి సహవాసంలో ఇంటర్న్‌గా పనిచేయడానికి నేను ఏలూరు వచ్చేసరికి కాలేజీలు తెరవడానికి ఆరు వారాలుంది. ఆ ఆరు వారాల్లో నేను చదివింది ఎక్కువగా బస్సుల టైములూ రైళ్ల టైములే.

ఏలూరు నీళ్ల మధ్య ఊరు. కృష్ణ కాలువ ఒక వైపు నుంచీ, గోదావరి కాలువ మరొక వైపు నుంచీ ఇక్కడికే వస్తాయి. ఊరు వన్‌టౌన్, టూటౌన్ అని రెండుగా ఉంటుంది. ఏ టౌనులో ఉంటున్నావని అడగకుండా ఇక్కడ ఎవరూ పరిచయం ముగించరు. 2020 డిసెంబరులో వన్‌టౌనులో మొదలై, 600 మందికి పైగా జనాన్ని మూర్ఛలతో ఆస్పత్రి పాలుచేసిన ఆ అంతుచిక్కని జబ్బును ఇంకా మరచిపోలేదు. మా ఇంటి యజమానురాలు పిన్నిగారు నాకు చెప్పిన మొదటి మాట అద్దె గురించి కాదు, “తాగే నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో చూపిస్తాను రా బాబూ” అని!

సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లోనూ, సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లోనూ వెలిశాయి. కాబట్టి చదువుల కోసం చుట్టుపక్కల పల్లెలు ఈ ఊరికి రావడం మూడు తరాల అలవాటు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ వైపువాళ్లకు రైలుంది. చాలామంది పవర్‌పేటలోనే దిగిపోతారు. కైకలూరు వైపువాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల స్టేషను గుడివాడ–భీమవరం లైను మీద ఉంది కనుక ఏలూరుకు కొల్లేరు మీదుగా బస్సే గతి. 2022 జిల్లాల పునర్విభజనలో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. జిల్లా మారింది గాని బస్సు దారి మారలేదు కదా!

మా సహవాసం కూడిక ఇదివరకు సాయంత్రం ఆరింటికి జరిగేదట. ఆరింటికి ఎవరుంటారు? హాస్టలువాళ్లు ఉంటారు. టౌనువాళ్లు ఉంటారు. లంక గ్రామాల పిల్లలు అప్పటికే బస్సులో ఉంటారు. ఎవరినీ రావద్దని ఎవరూ అనలేదు. గడియారమే అనేసింది.

ఈ సందర్భంలో నాకు బందరు చరిత్ర జ్ఞాపకం వస్తుంది. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. వచ్చిన వెంటనే బడి తెరవలేదు. తెలుగు నేర్చుకుంటూ, ఊరిని గమనిస్తూ రెండేళ్లు గడిపారు. 1843లో నోబుల్ బడి మొదలైంది. ఆ ఓర్పు మెచ్చదగినదే. 1865లో చనిపోయేవరకు ఆయన మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు. అయితే ఆ రెండేళ్లలో ఆయన నేర్చుకున్నది ఎవరి ఊరిని? పై కులాల కుటుంబాలు తమ పిల్లలను పంపాలంటే ఏం కావాలో ఆయన గ్రహించాడు. మాల, మాదిగ పిల్లలకు ఆ బడిలో చోటివ్వలేదు. తీరా 1859లో బెజవాడ ప్రాంతంలో డార్లింగ్ దొర బోధ విని, తన జనాన్ని వెంటబెట్టుకొని వచ్చినవాడు రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య. సర్దుకుపోవడం మంచిదే గాని, ఊళ్లో ఎవరితో సర్దుకుంటున్నామన్నది అంతకన్న పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

ఇక కొల్లేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద ఎడ్లగాడి దాటి, ఒక డిగ్రీ విద్యార్థి ఇంటికి వెళ్లాను. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరడం, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చివేయడం మనకు పుస్తకాల్లో మూడు తేదీలు. సరస్సుకు అది అవసరమే కావచ్చు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలంటే గట్లు అడ్డమే. కాని ఆ ఇంట్లో 2006 అంటే పెద్దకొడుకు ఇంటర్ మానేసిన సంవత్సరం. చిన్నవాడు ఇప్పుడు రోజూ బస్సెక్కుతున్నాడు.

వాళ్ల నాన్న సూటిగానే అడిగాడు: “మతం మార్చడానికొచ్చావేంటయ్యా?”

“దేవుడి గురించి అడిగితే నేను నమ్మింది చెబుతానండి బాబాయ్. అడక్కపోతే లెక్కలు చెబుతాను.”

“అయితే లెక్కలు చెప్పు ముందు. వాడికి రెండు పేపర్లు ఉండిపోయాయి.”

ఇలాంటి ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెప్పలేనివాడు ఆ గడప ఎక్కకూడదు. లెక్కలు నేర్పుతానని చెప్పి మరొకటి నేర్పడం, అది ఏ మతంవాడు చేసినా, మోసమే. ఆ రాత్రి కొరమేను పులుసుతో భోజనం పెట్టి గాని వాళ్లు నన్ను పంపలేదు. ఆఖరు బస్సు పోయింది లెండి, అది వేరే కథ!

తాడేపల్లిగూడెం తీరు పూర్తిగా వేరు. ఉల్లిపాయల, బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ ఆ ఊళ్లో 2015లో ఎన్.ఐ.టి. మొదలైంది. సగం సీట్లు ఇతర రాష్ట్రాలవి గనుక హాస్టల్లో హిందీ ధారాళంగా వినిపిస్తుంది. అక్కడ కొత్తవాడు నేనొక్కణ్ణే కాదు, సగం క్యాంపసు. వాళ్లు పప్పులో ఆవకాయ కలుపుకోవడం నేర్చుకుంటూంటే నేను హిందీ నేర్చుకుంటున్నాను. అక్కడ బస్సుల బెడద లేదు కాబట్టి శనివారం సాయంత్రం సరిపోతుంది.

ఏలూరులో మాత్రం ఆరు గంటల కూడికను మధ్యాహ్నం ఒంటిగంటకు మార్చాం. కాలేజీ ఆవరణలో కాదు, బయట దగ్గర్లో ఒక గది. ఎవరి క్యారియరు వారిదే. హాస్టలువాళ్లు కొందరు ఎండ అని సణుగుతున్నారు. లెక్కలు మాత్రం బుధవారాలు, మతంతో నిమిత్తం లేకుండా అందరికీ. మొదటి బుధవారం పదకొండుమంది వచ్చారు. అందులో కైకలూరు బస్సువాళ్లు నలుగురు.